చిరిగిన జీన్సులో జర్మన్ నాటకం

పాత జర్మన్ నాటకాన్ని పంక్ రాక్‌తో ఆడించే దర్శకుడికి మొదట కావలసింది గిటారు కాదు, శవం. నాటకం చచ్చిపోయిందని ముందు ఊరంతా చాటించాలి. ‘క్లాసిక్ అంటే దుమ్ము, నేటి కుర్రకారుకి ఎక్కదు, మేం దానికి ప్రాణం పోస్తున్నాం’ అని కరపత్రం వేయించాలి. ఆపైన పని తేలిక. నలుగురు కుర్రాళ్ళు, రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, చెవులకి పిన్నీసులు, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు. రెండో అంకంలో ఎవడో ఒకడు మైకు స్టాండుని తన్నాలి. ఆ తన్నుడుని రిహార్సల్స్‌లో గట్టిగా సాధన చేయిస్తారు. స్టాండు అద్దెది కాబట్టి, అది పడే చోట మెత్తటి పరుపు వేస్తారు. మర్నాడు పేపర్లో ‘విస్ఫోటనం’ అన్న మాట పడుతుంది. పడలేదంటే ఆ పేపరుకి వయసు మీరిందని లెక్క.

నా అనుమానం ముందు ఆ శవం మీదే. షిల్లర్ ‘దొంగలు’ నాటకం 1782 జనవరిలో మాన్‌హైమ్‌లో ఆడింది. రాసినవాడు 22 ఏళ్ళ సైనిక వైద్యుడు. సెలవు చీటీ లేకుండా పొరుగు రాజ్యానికి పోయి సొంత నాటకం చూసొచ్చాడని వుర్టెంబర్గ్ డ్యూక్ అతన్ని 14 రోజులు కొట్లో పెట్టించాడు, ఇకమీదట నాటకాలు రాయడానికి వీల్లేదన్నాడు. కుర్రాడు అదే ఏడు సెప్టెంబరులో రాత్రికి రాత్రి పారిపోయాడు. గేయోర్గ్ బ్యూష్నర్ సంగతి ఇంకా ఘోరం. 1834లో రైతుల్ని లేవమంటూ కరపత్రం రాశాడు, పోలీసులు తరిమితే సరిహద్దు దాటాడు, 1837 ఫిబ్రవరిలో జూరిక్‌లో టైఫస్ జ్వరంతో పోయాడు. అప్పటికి 23 ఏళ్ళు. కరపత్రంలో చెయ్యి కలిపిన వైడిగ్ అనే పాస్టరు, సరిగ్గా నాలుగు రోజులకి జైల్లో చచ్చిపోయాడు. బ్యూష్నర్ సగంలో వదిలేసిన ‘వాయ్‌త్సెక్’ 1913 దాకా రంగస్థలం మొహం చూడలేదు. వెడెకిండ్ ‘వసంతోదయం’ 1891లో అచ్చయింది, బెర్లిన్ వేదిక ఎక్కేసరికి 1906. మధ్యలో చక్రవర్తిని వెక్కిరించిన పద్యం ఒకటి రాసి ఆయన జైలుకి కూడా వెళ్ళొచ్చాడు.

వీళ్ళకా మనం తిరుగుబాటు నేర్పేది?

వెడెకిండ్ నాటకానికే 2006లో బ్రాడ్వే వాళ్ళు రాక్ పాటలు కట్టారు. 2007లో 8 టోనీ బహుమతులొచ్చాయి. పదిహేనేళ్ళు ఎవరూ ఆడటానికి సాహసించని నాటకం, గిటారు తగిలించగానే బహుమతులు మోయలేక మోసింది. దీన్ని ‘ప్రాణం పోయడం’ అంటున్నారు. నాకైతే పళ్ళు పీకి పులిని పెళ్ళి ఊరేగింపులో తిప్పినట్టుంది.

సరే, ప్రాణం పోసే ఆ పంక్ ఎలా ఉందో చూద్దాం. 1976, 77ల్లో లండన్‌లో పని దొరకని కుర్రాళ్ళు, వాయించడం రాని కుర్రాళ్ళు, రాకపోయినా పర్లేదని తేల్చుకున్న కుర్రాళ్ళు అరిచిన అరుపు అది. గిటారు మీద మూడు కార్డ్‌లొస్తే చాలు, బ్యాండు పెట్టొచ్చు. ఆ ధైర్యం నాకిష్టం. కానీ ఆ అరుపుకిప్పుడు 50 ఏళ్ళు. అప్పుడు పదిహేడేళ్ళవాడికి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. యువతని రప్పించడానికి తాతల సంగీతం పెట్టడం ఏం తెలివో నాకు అంతుపట్టదు. ఆ తాతల్లో పెద్దవాడు, సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్, 2008లో బ్రిటన్ టీవీలో వెన్న ప్రకటనలో కనిపించాడు. 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పంక్ దుస్తులకి ప్రదర్శన పెట్టింది, చిరుగులకి అద్దాల బీరువాలు కట్టించి. 2016లో లండన్ నగరమే పంక్‌కి 40 ఏళ్ళ పండగ చేసింది. అది చూసి కడుపు మండిన జో కోరే, అంటే పంక్‌ని పుట్టించిన జంట మక్లారెన్, వెస్ట్‌వుడ్‌ల కొడుకు, ఇంట్లో ఉన్న పంక్ సరుకంతా థేమ్స్ నదిలో పడవ మీద పెట్టి తగలబెట్టాడు. దాని విలువ 50 లక్షల పౌండ్లన్నాడు. మొత్తం కథలో పంక్‌లా ప్రవర్తించినవాడు అతనొక్కడే. అందరూ అతన్ని పిచ్చివాడన్నారు.

జర్మన్ నాటకకర్త బ్రెక్ట్‌కీ పంక్‌కి పట్టిన గతే పట్టింది. 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో ‘మూడు కాసుల సంగీత నాటకం’ మొదలైంది. బాణీలు కుర్ట్ వైల్‌వి. దొంగకీ పెద్దమనిషికీ తేడా లేదని చెప్పే నాటకమిది. హీరో మెకీత్ కత్తిపోటు దొంగ. పోలీసు పెద్ద టైగర్ బ్రౌన్ అతని పాత స్నేహితుడు. చివర్లో ఉరికంబం దగ్గరికి రాణిగారి దూత గుర్రమెక్కి వచ్చి, దొంగకి క్షమాభిక్షతో పాటు బిరుదూ కోటా పింఛనూ ఇచ్చిపోతాడు. ఎవరిని తిట్టడానికి రాశారో ఆ పెద్దమనుషులే కార్లలో వచ్చి, చూసి, ఆ తిట్లని ఈలపాటగా పాడుకుంటూ ఇళ్ళకి పోయారు. ఆ తర్వాత మెకీత్ కత్తి పాట అమెరికా వెళ్ళింది. 1959లో బాబీ డారిన్ పాడితే అక్కడి జాబితాల్లో మొదటి స్థానం. 1980ల చివర్లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు అదే బాణీకి మాటలు మార్చి, చంద్రుడి తలకాయ పెట్టుకున్న బొమ్మ చేత బర్గర్ల కోసం పాడించారు. బర్గర్‌కి బ్రెక్ట్, వెన్నకి పంక్. ఫలహారం పూర్తయింది.

ఇప్పుడీ రెండూ కలిపి వడ్డిస్తే ఆ వంటకం పేరు ‘సంచలనం’. 2006లో బెర్లిన్ అడ్మిరల్స్‌పలాస్ట్‌లో క్లౌస్ మరియా బ్రాండావర్ ఇదే నాటకాన్ని ఆడించాడు. మెకీత్ వేషం కాంపినోది. డీ టోటెన్ హోజెన్ అనే పంక్ బ్యాండు గాయకుడతను. బ్యాండు పేరుకి మాటకి మాట అర్థం చెప్పుకుంటే ‘చచ్చిన ప్యాంట్లు’. ఆ ప్యాంట్లు చచ్చి ఎంత కాలమైందంటే, అప్పటికే ఆ బ్యాండు కచేరీలు ఫుట్‌బాల్ స్టేడియాల్లో జరుగుతున్నాయి. స్టేడియం నింపేవాడు గల్లీ దొంగ వేషం వేస్తే చూడటానికి బాగానే ఉంటుంది. కాదనను. ఎవడికి దెబ్బ తగిలిందన్నదే నా ప్రశ్న. జర్మనీలో వందకు పైగా ప్రభుత్వ నాటకశాలలున్నాయి, వాటికి ఏటా 200 కోట్ల యూరోలకు మించి సర్కారు సొమ్ము అందుతుంది. చాలా మంచి సంగతి, మనకి అందులో నూరోవంతు ఉన్నా కళ్ళకద్దుకుంటాం. కానీ ఖజానా గుమాస్తా సంతకం చేసిన బిల్లుతో అద్దెకి తెచ్చిన తిరుగుబాటు, ఆ గుమాస్తాని కూడా భయపెట్టదు.

ప్రాణం పోసే ఈ వైద్యం మా బీర్‌గావ్‌కి ఇంకా రాలేదు. వస్తే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. రాయపూర్‌కి ఉత్తరాన, ఉర్లా పారిశ్రామికవాడని ఆనుకుని ఉన్న ఊరు మాది. స్పాంజ్ ఐరన్ కొలుములు, రోలింగ్ మిల్లులు, మేడ మీద ఆరేసిన బట్టలకి నల్లపొడి. ఢిల్లీ నుంచో ముంబయి నుంచో ఒక దర్శకుడు దిగుతాడనుకోండి. చిమ్నీని చూడగానే ఆయన కళ్ళు చెమరుస్తాయి. ‘ఇంత సహజమైన సెట్టు బెర్లిన్‌లో కూడా లేదు’ అంటాడు. స్థానికుల భాగస్వామ్యం ఉండాలి కదా, నిధి ఇచ్చేవాళ్ళ ఫారంలో ఆ గడి ఒకటుంది. అందుకని ఇనుప రాడ్లు లోడు చేసే మనిషినొకణ్ణి పిలిపిస్తారు. మాటల్లేవు, వెనకాల నిలబడితే చాలు. తీరా ఆయన ఆదివారం పూట స్నానం చేసి, తలకి నూనె రాసి, ఇస్త్రీ చొక్కాతో వస్తాడు. కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయికి గుండె ఆగినంత పనవుతుంది.

‘అన్నా, మీరు రోజూ వేసుకునే చొక్కా లేదా?’

‘అది మురికిదమ్మా.’

‘అదే కావాలి.’

‘నాటకానికి వస్తూ మురికి చొక్కా వేసుకుంటామేటమ్మా?’

వారమంతా మసిలో ఉన్నవాడు సెలవు రోజున మల్లెపువ్వులా తయారవుతాడు. వారమంతా ఏసీలో ఉన్నవాడు సాయంత్రానికి చిరుగులు తగిలించుకుంటాడు. ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడితే, ఫొటోలో కార్మికుడు ఎవరన్నది కింద రాస్తే గానీ తెలియదు.

హోరు కావాలా? దానికి రాయపూర్ జిల్లాలో కరువులేదు. వినాయక నిమజ్జనానికి ధుమాల్ మేళాల బండ్లు కదిలితే కిటికీ అద్దాలు లెక్క చూసుకోవాలి. డీజేల మోత మీద ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. న్యాయమూర్తులే కదలవలసి వచ్చేంత గోల చేయగల పంక్ బ్యాండు ప్రపంచంలో ఎక్కడుందో చూపించండి, నేనే టికెట్ కొంటాను.

తిరుగుబాటు కావాలా? దుర్గ్ జిల్లా గనియారీ నుంచి తీజన్‌బాయి వచ్చింది. భారత కథని పాడి చెప్పే పండవానీని ఆడవాళ్ళు కూర్చుని పాడాలని రివాజు. ఆవిడ లేచి నిలబడింది, తంబూరాని భీముడి గద చేసి భుజాన వేసుకుంది, మగవాళ్ళ కాపాలిక్ శైలిలో గర్జించింది. పాడినందుకు కులం వెలేసింది. గుడిసె వేసుకుని బతికింది గానీ పాట ఆపలేదు. 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆవిడ జీన్సు చింపుకోలేదు. ఎర్రంచు చీర, నిండా నగలు, నోట్లో పాన్. పంక్ చరిత్రలు రాసేవాళ్ళ పట్టికలో ఆవిడ పేరు నాకింతవరకూ కనబడలేదు.

ఇక జర్మన్ నాటకం సంగతికొస్తే, దాన్ని ఇక్కడికి తేవడానికి ఎవరూ కొత్తగా కష్టపడక్కర్లేదు, ఎప్పుడో వచ్చింది. 1923లో రాయపూర్‌లోనే పుట్టిన హబీబ్ తన్వీర్, లండన్‌లో నాటక విద్య చదువుకుంటూ, బ్రెక్ట్‌ని కలుద్దామని 1956లో బెర్లిన్ వెళ్ళాడు. ఆగస్టులోనే బ్రెక్ట్ పోయాడు. మనిషి దొరకలేదు కాబట్టి ఆయన నాటకాలు చూస్తూ నెలల తరబడి అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చి ఏం చేశాడయ్యా అంటే, బెర్లిన్ టోపీ పెట్టుకుని బెర్లిన్ నాటకం వేయలేదు. 1958లో ఆరుగురు నాచా కళాకారుల్ని ఢిల్లీ తీసుకెళ్ళి ‘మృచ్ఛకటికం’ ఆడించాడు. నాచా అంటే పొలం గట్ల పక్కన రాత్రి తెల్లవార్లూ సాగే ఆట. హార్మోనియం, తబలా, చికారా, ఆడవేషం కట్టిన మగవాళ్ళు, ఊరి దొరనీ పంతులునీ ఎదురుగానే ఉతికి ఆరేసే జోక్కడ్‌లనే విదూషకులు. రవేలీ గ్రామంలో దావూ మందరాజీ మొట్టమొదటి క్రమబద్ధమైన నాచా దళం కట్టింది 1928 ప్రాంతంలో. బెర్లిన్‌లో మెకీత్ కత్తి నూరుకుంటున్న రోజులవి.

అయితే తన్వీర్‌కి మొదట్లో ఆ ఆట చేత కాలేదు. ఛత్తీస్‌గఢీ తప్ప రానివాళ్ళ చేత హిందీ పలికించాడు, మూడు పక్కలా జనం మధ్య ఆడేవాళ్ళకి ఇక్కడి నుంచి అక్కడికి నడువు అని ముగ్గు వేశాడు. గ్రామంలో సింహాల్లా ఆడేవాళ్ళు ఢిల్లీ వేదిక మీద బిగుసుకుపోయారు. పదేళ్ళకి పైగా ఆ తంటా పడి, 1970 ప్రాంతంలో చేతులెత్తేశాడు. వాళ్ళ భాష వాళ్ళకి వదిలేశాడు. అప్పుడొచ్చింది 1975లో ‘చరణ్‌దాస్ చోర్’. 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్‌లో బహుమతి కొట్టింది. మధ్యలో 1978లో బ్రెక్ట్ ‘సెచువాన్ మంచి మనిషి’ని ‘శాజాపుర్ కీ శాంతిబాయి’ చేసి, ఆ నాచా వాళ్ళ చేతే ఆడించాడు. మంచి మనిషి ఒక్కరైనా దొరుకుతారా అని దేవుళ్ళు భూమ్మీదికి వస్తారు, వాళ్ళకి దొరికేది ఒక వేశ్య. మంచితనంతో దుకాణం నడవదని, ఆవిడ మగవేషం వేసి కఠినమైన చుట్టంగా నటించాల్సి వస్తుంది. ఆడ మగ వేషాలు తారుమారు చేయడం నాచా వాళ్ళకి ఎవరైనా నేర్పాలా?

తమాషా ఏమిటంటే ఆ నాటకమే తెలుగులోనూ తిరిగింది. దర్శకుడు బి.వి. కారంత్ 1990ల్లో మన సురభి వాళ్ళ చేత దాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన నాటక కుటుంబమది. ఆకాశం నుంచి దేవతల్ని దించడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య (లైడన్ గారి వెన్న కాదు). నాటకం చూస్తున్నామన్న సంగతి ప్రేక్షకుడు మరవకూడదని బ్రెక్ట్ సిద్ధాంతాలు రాశాడు, ప్రపంచమంతా వాటి మీద పీహెచ్‌డీలు చేసింది. మన పద్యనాటకంలో హరిశ్చంద్రుడు కాటిసీనులో గుండెలు పగిలేలా పద్యం అందుకుంటాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు, ఆయన కన్నీళ్ళు తుడుచుకుని శ్రుతి చూసుకుని మళ్ళీ మొదటి పాదం నుంచి ఎత్తుకుంటాడు. పక్కన చచ్చిపడి ఉన్న లోహితుడు ఈ సందులో దోమ కుట్టిన చోట గోక్కుంటాడు. బ్రెక్ట్ చూసి ఉంటే సిద్ధాంతం రాసే శ్రమ తప్పేది.

ఇదంతా విని, కలపకూడదని అంటున్నానని అనుకోకండి. బ్రెక్ట్ అంతటి దొంగ ఇంకొకడు లేడు. కథ 1728 నాటి జాన్ గే నాటకం నుంచి లాగాడు, పాటల్లో ఫ్రెంచి కవి వియోన్ పద్యాల జర్మన్ అనువాదం నుంచి చెప్పకుండా చరణాలు ఎత్తాడు. విమర్శకుడు ఆల్ఫ్రెడ్ కెర్ పట్టుకుంటే, ఇలాంటి సొత్తు విషయాల్లో నాకు పట్టింపు తక్కువని చేతులు దులుపుకున్నాడు. దొంగతనానికి అభ్యంతరం లేదు. తన్వీర్, కారంత్ బీరువాలోంచి నగ ఎత్తుకెళ్ళారు. పంక్ బాపతు వాళ్ళు బీరువా మీద అంటించిన స్టిక్కరు గీక్కుని పోతున్నారు.

తిరుగుబాటుని అలంకారం చేసుకునే ఈ జబ్బు మన ఇంట్లో లేదా అంటే ఉంది. రాయపూర్ నుంచి విజయనగరం పోయే రైలు మార్గం మీదే పార్వతీపురం వస్తుంది. దాని పక్క పెదబొండపల్లి ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావుది. ఆయన గజ్జె కట్టి ఎగిరితే, తప్పెటగుళ్ళు గుండెకి కట్టుకుని ఎగిరే ఉత్తరాంధ్ర యాదవుల సత్తువంతా ఆ ఎగురులో ఉండేది. ఏ గిటారు వాడికీ అంత దమ్ము లేదు. ఆయనతో పాటు జననాట్యమండలిలో గొంగడి భుజాన వేసుకుని పాడిన గద్దర్ మీద 1997 ఏప్రిల్ 6న తూటాలు పేల్చారు. ఒకటి వెన్నులో అలాగే ఉండిపోయింది. 2023 ఆగస్టులో పోతే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. 2025 జూన్‌లో ఆయన పేరిట తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులిచ్చింది. ఉత్తమ నటుడి బహుమతి ఎర్రచందనం స్మగ్లర్ వేషానికి వచ్చింది. నటుడు బాగా నటించాడు, అందులో తగాదా లేదు. కానీ తూటా తిన్నవాడి పేరున్న బహుమతి, పోలీసుల్నీ మంత్రుల్నీ కొనేసే దొంగ పాత్రకి, సర్కారు వేదిక మీద, సూటూబూటూ చప్పట్ల మధ్య! రాణిగారి దూత గుర్రమెక్కి వచ్చినట్టే ఉంది. బ్రెక్ట్‌ని మనం అనుసరించలేదు, దాటిపోయాం.

మరి నాటకం బతికుందో లేదో తేల్చేదెలా? కరపత్రం చదివితే తెలియదు. ఎవరికి కోపం వచ్చిందో చూస్తే తెలుస్తుంది. తన్వీర్ 2009 జూన్‌లో పోయాడు. రెండు నెలలు తిరిగేసరికి, సత్నామీ సమాజంలో కొందరి అభ్యంతరం మీద, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘చరణ్‌దాస్ చోర్’ పుస్తకాన్ని నిషేధించింది. 34 ఏళ్ళుగా ఆడుతున్న నాటకమది, ఆడినవాళ్ళలో సత్నామీలూ ఉన్నారు. ఇటు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఆర్యవైశ్య సంఘాల ఫిర్యాదు మీద, కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ ప్రదర్శనలు ఆపేయమంది. దాదాపు నూరేళ్ళ నాటకం. అడిగినవాళ్ళ నొప్పిలో నిజమెంతో వేరుగా మాట్లాడుకోవాల్సిందే. ముఖ్యంగా చింతామణిలో సుబ్బిశెట్టి పాత్ర పేరుతో ఊళ్ళలో సాగిన వెకిలి హాస్యం నేను చూశాను, సిగ్గుపడాల్సిందే. అయినా నూరేళ్ళ తర్వాత కూడా ఒక హార్మోనియం నాటకం సర్కారుకి పని పెట్టింది. పరుపు మీద పడే మైకు స్టాండు ఇప్పటిదాకా ఏ సర్కారునీ నిద్రలేపలేదు.

కాబట్టి బీర్‌గావ్‌కి రాబోయే దర్శకుడు గారికి ఒక మనవి. మీకు నిజంగా పంక్ కావాలంటే అదే నిధితో, నిషేధం తిన్న ఆ రెండు నాటకాల్లో ఏదో ఒకటి మా ఊరి మైదానంలో వేయండి. పులిమిన మసి అక్కర్లేదు, పగటిపూట రెండు గంటలు నిలబడితే దానంతటదే పడుతుంది. గిటార్ల అద్దె, డ్రమ్ముల లారీ ఖర్చు మిగులుతాయి. ఆ మిగులు ఒక వకీలు ఫీజుకి చాలుతుందో లేదో మాత్రం ముందే కనుక్కుని రండి.